ఆకే కదా అన్నారు

మధుమేహానికి నేను వాడుతున్న మాత్రల చరిత్రంతా ఇక్కడ అనవసరం. వాటిలో గ్లిమిపిరైడ్ ఒకటని చెబితే చాలు. మా బావగారు పొడపత్రి ఆకు పొడి తెచ్చి, "ఆకే కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు" అన్న మాటను మాత్రం మరువలేను. అప్పటి నా డాక్టరుగారిని అడిగితే, "ఆకులూ అలములూ నా దగ్గర ఎత్తకండి" అన్నారే తప్ప, ఎంత తింటున్నారని ఒక్క ప్రశ్నయినా వేయలేదు.

కార్తీక సోమవారం ఎప్పటి మాత్ర వేసుకునే ఉపవాసముండి, చుక్కలు కనిపించాక భోజనానికి ముందు ఆ పొడిని నాలుక మీద వేసుకున్న కాసేపటికే ఒళ్లంతా చెమట పట్టి చేతులు వణకసాగాయి. వేలి నుంచి రక్తం తీసి చూస్తే చక్కెర 46 ఉంది. మా ఆవిడ పంచదార నీళ్లు తాగిస్తే తీపి ఇసుమంతైనా తెలియలేదు. వట్టి నీళ్లిచ్చి మోసం చేస్తున్నారని కేకలు వేసి గ్లాసు తోసేశానట. "రుచితో పనేమిటి మామయ్యగారూ, మింగండి" అని గదమాయించి తాగించిన మా కోడలికి నేను ఋణపడి ఉన్నాను.

గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనుక చక్కెర మళ్లీ పడిపోవచ్చని ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కిస్తూ రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. అక్కడి యువ డాక్టరమ్మ ఆకును వెక్కిరించలేదు. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయనీ, రుచి తెలియకపోయినా పంచదార తన పని తాను చేస్తుందనీ, కడుపు ఖాళీగా ఉన్నా గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుందనీ, దానికి ఆకు సారం తోడైతే చక్కెర ఇంకా దిగవచ్చనీ వివరించింది. మధుమేహానికే వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర పుట్టుక కూడా ఐరోపాలోని గలేగా అనే మొక్కతోనే ముడిపడి ఉందనీ, ఆ మొక్కలోని విష పదార్థానికి బంధువే అయినా ఆ విషపు గుణం లేని మందును ప్రయోగశాలలో తయారు చేస్తే, 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ రోగులపై దాని ఫలితాలను ప్రకటించారనీ చెప్పింది.

ఆకుకు శక్తి ఉంటే తూకం వేసి, మాత్రతో సరిచూసి ఇవ్వాలి, లేకపోతే అమ్మకూడదు. వాడేవారు డాక్టరుకు చెప్పి తీరాలి, ఆయన విసుక్కున్నా సరే.

అంతా మల్లేశ్వరస్వామి దయ అంటుంది మా ఆవిడ, నేను కాదనను. బావగారు మాత్రం ఇదంతా ఉపవాసం వల్లే అంటున్నారు. అందులో కొంత నిజముండటమే నాకు మరింత కోపం తెప్పిస్తోంది.