గాలికి కట్టే కిరాయి

హైదరాబాద్ జీడిమెట్లలో పీవీసీ పైపులు చేసే ఒక మోస్తరు ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తాను. చేరింది అకౌంట్స్‌లో అయినా, ఇప్పుడు గేటు దాటే ప్రతి లారీ బిల్లూ నా సంతకంతోనే పోతుంది. కొత్తగా చిన్న యూనిట్లు పెట్టుకున్నవాళ్లు కొందరు ఈ మధ్య ఫోన్ చేసి, "కిరాయిలకే లాభమంతా పోతోంది, మీరెలా నెట్టుకొస్తున్నారు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అదంతా ఒకచోట రాసిపెడితే ఇంకొందరికి పనికొస్తుందనిపించింది.

కిరాయి అనగానే అందరి చూపూ డీజిల్ మీదకే పోతుంది. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 2022 మే నుంచి 2024 మార్చి దాకా 97 రూపాయల 82 పైసల దగ్గర కదలకుండా ఉంది. 2024 మార్చిలో 95 రూపాయల 65 పైసలకు దిగింది. తేడా 2 రూపాయల 17 పైసలు. విజయవాడకు పోనూ రానూ 540 కిలోమీటర్లు అనుకుందాం. పది టైర్ల లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చినా 135 లీటర్లు తాగుతుంది. అంటే ట్రిప్పు మొత్తం మీద మిగిలేది 300 రూపాయల లోపే. అదే లారీ మా యార్డులో ఒక పూట ఎక్కువ నిలబడితే ఓనరుకు పోయేది అంతకు ఎన్నో రెట్లు. ఆ పోయినదాన్ని ఆయన వచ్చే ట్రిప్పు కిరాయిలో ఎలాగూ కలుపుతాడు.

అందుకే డీజిల్ గురించి మేం వాదించుకోవడం మానేశాం. ట్రాన్స్‌పోర్టరుతో రాసుకున్న కాగితంలో ఆ రోజు డీజిల్ ధర వేసి, కిరాయిలో సగం డీజిల్‌దే అని ఇద్దరం ఒప్పుకున్నాం. డీజిల్ పది శాతం పెరిగితే కిరాయి ఐదు శాతం పెరుగుతుంది, తగ్గినా అదే లెక్క. పెరిగినప్పుడు ఆయన అడగక్కర్లేదు, తగ్గినప్పుడు నేను అడగక్కర్లేదు. ఒకటో తారీఖున బంకు ధర చూసి కొత్త రేటు వాట్సాప్‌లో పెట్టేస్తాను.

ఇక అసలు విషయం. పైపుల లారీ కాటా మీద తేలిపోతుంది. నాలుగించుల పైపు, అంటే 110 ఎంఎం, ఆరు మీటర్ల పొడవుది, తక్కువ ప్రెషర్ రకమైతే ఏడెనిమిది కిలోలుంటుంది. పది టైర్ల లారీలో అంచుల దాకా పేర్చినా ఐదు టన్నుల దగ్గరే బాడీ నిండిపోతుంది. ఆ లారీ దానికి మూడింతలు మోయగలదు. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచి పది టైర్ల లారీకి మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులు చేసినప్పుడు సిమెంటువాళ్లకూ ఇనుమువాళ్లకూ పండగే అయింది. అదే లారీలో మూడున్నర టన్నులు ఎక్కువ పోతాయి కదా, టన్నుకు కిరాయి తగ్గింది. మాకు ఒక్క పైపు కూడా ఎక్కువ పట్టలేదు. మేం కిరాయి కట్టేది బరువుకు కాదు, పైపుల లోపలున్న గాలికి.

ఆ గాలిని తగ్గించడానికి ఉన్న దారి ఒక్కటే, పైపులో పైపు దూర్చడం. నాలుగించుల దాంట్లో మూడించులది, దాంట్లో రెండించులది. అదే చోటులో బరువు రెట్టింపవుతుంది. లెక్క సులువుగా ఉండాలని లారీ కిరాయి 20,000 అనుకోండి. ఐదు టన్నులు పోతే కిలోకు నాలుగు రూపాయలు, పది టన్నులు పోతే రెండు. పైపుల వ్యాపారంలో కిలోకు రెండు రూపాయలంటే ఏమిటో ఈ లైన్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఏ ట్రాన్స్‌పోర్టరుతో ఎంత బేరమాడినా కిరాయి సగానికి దిగదు.

చెప్పినంత సులువుగా జరిగే పని కాదిది. మూడు సైజులూ ఒకే రోజు, ఒకే ఊరికి ఉండాలి. మెషిన్ మీద డై (పైపు సైజును నిర్ణయించే అచ్చు) మారిస్తే టైమూ పోతుంది, స్క్రాపూ వస్తుంది కాబట్టి, ప్రొడక్షన్ వాళ్లు ఒక సైజు మొదలుపెడితే రోజుల తరబడి అదే తీస్తారు. వాళ్ల లెక్కలో అది న్యాయమే. నా దగ్గరికొచ్చేసరికి యార్డు నిండా నాలుగించులవే ఉంటాయి, దూర్చడానికి మూడించులవి ఉండవు. ఇప్పుడు సోమవారం ప్రొడక్షన్ మీటింగులో నేనూ కూర్చుంటున్నాను. ఏ సైజు ఎప్పుడు తీయాలో చెప్పేటప్పుడు ఆ వారం ఏ రూటుకు లారీ పోతుందో కూడా బోర్డు మీద రాస్తాం. మొదట్లో షిఫ్ట్ ఇన్‌చార్జి, "మేడమ్, లారీ కోసం డై మార్చమంటారా?" అని కాస్త కోపంగానే అడిగారు. డై మార్పు ఖర్చు ఒక పక్క, గాలికి కట్టిన కిరాయి ఇంకో పక్క రాసి చూపించాక ఆయనే రూటు అడగడం మొదలుపెట్టారు. కొన్ని వారాలు ఆయన లెక్కే నెగ్గుతుంది. అప్పుడు లారీని ఆపుతాం.

హమాలీల సంగతి కూడా చెప్పాలి. దూర్చి పేర్చడానికి ఎక్కువసేపు పడుతుంది. సాకెట్ ఉన్న (ఇంకో పైపు దూరేలా వెడల్పు చేసిన) మూతులు ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టకపోతే వరస కుదరదు. దించేచోట డీలరు గుమస్తా లెక్కపెట్టుకోవడానికి విసుక్కుంటాడు. అందుకని టన్నుకు ఇచ్చే హమాలీ కూలి అలాంటి లోడుకు పెంచాం. ఎల్‌ఆర్‌తో (లారీ రసీదుతో) పాటు ఏ సైజులో ఏది ఎన్ని దూర్చామో చీటీ రాసి డ్రైవరు చేతికిస్తాం. ఈ రెండూ లేనప్పుడు ఒరిపిళ్లు, గీతలు, "పైపులు తక్కువొచ్చాయి" అనే ఫోన్లు తప్పవు.

తర్వాతది ఆర్డరు సైజు. కొత్తవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోవడం లేదని నాకనిపిస్తుంది. పైపులకు ముడిసరుకు పీవీసీ రెసిన్. మన దేశంలో వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే. చైనా, తైవాన్, కొరియా, జపాన్‌ల నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడ ధర కదిలితే ఇక్కడ పైపు ధర కదులుతుంది. 2021లో కంటైనర్లు దొరక్క, ఓడ కిరాయిలు కొండెక్కి, రెసిన్ ధర ఆకాశంలో ఉన్నప్పుడు డీలర్లు లారీల మీద లారీలు అడిగారు. రేపు ఇంకా పెరుగుతుందని భయం. 2022లో ధర కూలింది. అప్పుడు ఎవరూ ఒక్కసారిగా ఎక్కువ సరుకు ఎత్తలేదు. ఈ రోజు కొన్నది వచ్చే వారానికి చవకైపోతుంటే గోడౌన్ నింపుకునేది ఎవరు? లోడు లారీ తీసుకునే డీలరు డీసీఎం (మధ్యరకం వ్యాను) అడిగాడు, డీసీఎం తీసుకునేవాడు బొలేరో చాలన్నాడు. అమ్మిన టన్నులు అంతగా తగ్గలేదు, ఆర్డర్లు మాత్రం ముక్కలయ్యాయి. ఆ ఏడాది డీజిల్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించింది కూడా. అయినా మాకు కిలో కిరాయి పెరిగింది.

ఆ అలవాటు తర్వాత పోలేదు. డీలర్లు తక్కువ సరుకు పెట్టుకుని వారం వారం తెప్పించుకోవడానికి అలవాటుపడ్డారు. వాళ్ల పెట్టుబడి మిగులుతుంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ మిగులు మా కిరాయిలోంచి పోతోంది. అందుకని రూటు రోజులు పెట్టాం. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ లైనుకు ఇన్ని రోజులకోసారి అని. ఆ రోజుకు ముందు చెప్పిన ఆర్డరుకు కిరాయి మాది. మధ్యలో అర్జెంటుగా కావాలంటే తేడా డీలరుది. ఒకరిద్దరు వేరే కంపెనీకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు బుధవారం రాత్రి లోపు ఆర్డరు పెట్టడం నేర్చుకున్నారు.

2014లో రాష్ట్రం విడిపోయాక విజయవాడ అమ్మకం మాకు వేరే రాష్ట్రపు అమ్మకమైంది. కేంద్ర అమ్మకపు పన్ను (సీఎస్‌టీ) 2 శాతం, దానికోసం కొన్నవాళ్ల దగ్గర తీసుకోవాల్సిన సీ ఫారాల గొడవ. అది పడలేక అక్కడ డిపో తెరిచాం. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ పన్ను కారణం పోయింది, మా యజమాని డిపో అద్దె దండగన్నారు. నేను ఒప్పుకోలేదు. పన్ను కోసం పెట్టినదే అయినా, ఇప్పుడది కిరాయి కోసం పనికొస్తోంది. హైదరాబాద్ నుంచి అక్కడికి నిండు లారీ, దూర్చిన పైపులతో. అక్కడి నుంచి గుడివాడకో ఏలూరుకో చిన్న బండి. ఆ చిన్న బళ్లు ఇక్కడి నుంచే బయల్దేరితే అద్దెకు మించిన ఖర్చు. డిపో ఇంకా ఉంది.

లారీ ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి తిరిగి పోవాలి అన్నది నాకు చాలా ఇష్టమైన లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల చిల్లర, ఆదిలాబాద్ 300 పైన. దూరంలో పెద్ద తేడా లేదు, కిరాయిలో ఉంది. హుజూర్‌నగర్, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కు రోజూ లోడు వస్తుంది. దించాక ఆ లారీలకు అటు పోవడానికి సరుకు కావాలి. వాటికి నా పైపులు ఎక్కిస్తే వచ్చిన కిరాయే లాభం. బాడీ ఊడ్చి, సిమెంటు దుమ్ము దులిపి, పట్టా పరిచాకే ఎక్కించాలి, అంతే. ఆదిలాబాద్ లైనులో అలా కాదు. పత్తి సీజన్‌లో తిరుగు లోడు దొరుకుతుంది, వేసవిలో దొరకదు. అప్పుడు ఓనరు ఖాళీగా తిరిగొచ్చే దారి ఖర్చూ నా మీదే వేస్తాడు.

కోదాడ నుంచి సిమెంటు లారీలు నడిపే ఒక పెద్దాయనతో కిరాయి గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన అన్న మాట నాకు బాగా ఉపయోగపడింది. "అమ్మా, మీ లోడు బరువుండదు, టైర్లకు హాయి. కానీ ఎక్కించేసరికి సాయంత్రమైతే నాకు మర్నాడు సిమెంటు లైనులో వంతు పోద్ది. ఆ రోజు ఖర్చు ఎవరిస్తారు?" నేను అడిగాను, "పొద్దున పది లోపు గేటు దాటిస్తే ఎంతకొస్తారన్నా?" ఆయన చెప్పిన రేటు అంతకుముందు మూడు నెలల బేరంలో ఎవరూ ఇవ్వనిది. అప్పటి నుంచి మర్నాటి లోడును ముందు రోజు సాయంత్రమే కట్టలు కట్టి వరసల్లో పెడుతున్నాం. సిటీలోకి పగలు పెద్ద లారీలను రానివ్వరు కాబట్టి మా బళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా తిరిగి పెద్ద అంబర్‌పేట దగ్గర విజయవాడ హైవే ఎక్కుతాయి. పొద్దున్నే వదిలితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటి చీకటి పడకముందే దింపుకోవచ్చు. ఈ-వే బిల్లులో (సరుకుతో పాటు పోవాల్సిన జీఎస్టీ పత్రంలో) లారీ నంబరు కూడా కాటా అయ్యాకే ఎక్కిస్తాం. నంబరు ఎక్కించినప్పటి నుంచి రోజుకు 200 కిలోమీటర్ల చొప్పునే గడువు, దాన్ని యార్డులో ఎందుకు పోగొట్టుకోవాలి.

డబ్బు ఇవ్వడం గురించి ఒక్క మాట. ఒకటి రెండు లారీలున్న ఓనరుకు మన అరవై రోజుల క్రెడిట్ అంటే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవడమే. ఆ వడ్డీ మళ్లీ కిరాయిలోకే వస్తుంది. పదికి మించకుండా బళ్లున్నవాళ్లు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయక్కర్లేదు, అది ముందే తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. దించిన సంతకంతో ఎల్‌ఆర్ ఫోటో వాట్సాప్‌లో వస్తే బ్యాలెన్సు వారంలోపు వేసేలా మా యజమానిని ఒప్పించాను. బజారులో లారీలు దొరకని రోజుల్లో ఆ ఓనర్లే నాకు ముందు ఫోన్ చేస్తారు.

ఆ రోజులు వేసవిలోనే వస్తాయి. మా పైపుల సీజన్ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, బోర్లు వేసే కాలం. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్ల కొనుగోళ్లకు లారీలన్నీ కేంద్రాల దగ్గర బారులు తీరతాయి. మామిడి ఉత్తరాదికి పోతుంది, గుంటూరు, ఖమ్మం యార్డుల్లో మిర్చి ఇంకా కదులుతుంటుంది. అప్పుడు బ్రోకరు చెప్పిందే రేటు. అందుకే వేసవి కోసం జనవరిలోనే ఓనర్లతో మాట్లాడుకుంటాను. ఆ రెండు నెలలూ వారానికి ఇన్ని లోడులు తప్పకుండా ఇస్తాను, మీరు ఇన్ని బళ్లు తప్పకుండా పెట్టండి అని. బజారు కన్నా జనవరిలో కాస్త ఎక్కువే ఇచ్చినట్టు కనిపిస్తుంది. మే నెల బిల్లులు పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

విజయవాడ లైను ఇలా కుదిరింది. ఆదిలాబాద్, నిర్మల్ లైను వేసవిలో ఇంకా కుదరలేదు. ఆ వైపు నుంచి ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌కు సరుకు తెచ్చుకునేవాళ్లు, మొక్కజొన్నైనా పసుపైనా ఇంకేదైనా సరే, ఎవరైనా ఉంటే నాకు రాయండి. పోయేటప్పుడు నా పైపులు, వచ్చేటప్పుడు మీ బస్తాలు. ఒకే ఓనరుతో ఇద్దరం కలిసి మాట్లాడుకుందాం.