శాస్త్రాన్ని గొంతుతో చదవడం: సంగీతం సర్టిఫికెట్ పరీక్ష అనుభవం

కర్ణాటక సంగీతం గాత్రంలో సర్టిఫికెట్ పరీక్షకు ప్రైవేటుగా సిద్ధమవుతున్న వారికి, ముఖ్యంగా పాట బాగానే వచ్చినా శాస్త్రం (సంగీత సిద్ధాంతం) పేపరంటే బెంగపడే వారికి పనికివస్తుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను. మొదటిసారి నేను చేసిన పొరపాటు ఉదయం సాధన, రాత్రి శాస్త్రం అని రెంటినీ విడదీయడం. భైరవి రాగ లక్షణం పొల్లుపోకుండా రాయగలిగేదాన్ని. ‘ద’ స్వరానికి (ధైవతానికి) ఉన్న రూపాల్లో ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం వస్తాయనీ, దానికి జనకమైన, అంటే మూలమైన, 20వ మేళకర్త రాగం (మేళం) నఠభైరవిలో లేని చతుశ్రుతి ధైవతం చేరడం వల్లనే అది భాషాంగ రాగమైందనీ నాకు కంఠస్థం. మౌఖిక పరీక్షలో ఆ రెండు ధైవతాలనూ విడిగా పాడి చూపమన్నప్పుడు మాత్రం, రోజూ పాడే వర్ణంలోనే (సాధన రచనలోనే) అవి ఎక్కడున్నాయో పోల్చుకోలేకపోయాను. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

రెండోసారి 72 మేళకర్తలను పట్టికగా కాక, శ్రుతి పెట్టె ముందు కూర్చుని చదివాను. రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలిచ్చి మేళం సంఖ్య చెప్పే కటపయాది సూత్రం ప్రకారం ధీరశంకరాభరణంలో ‘ధీ’కి 9, ‘ర’కు 2, అంకెలను తిరగవేస్తే 29. మేచకల్యాణిలో ‘మే’కు 5, ‘చ’కు 6 కనుక 65. ఈ రెంటికీ తేడా సరిగ్గా 36. అంటే మధ్యమం ఒక్కటే మారుతుంది. ఇది రాసుకుంటే లెక్క మాత్రమే. శంకరాభరణం స్వరాలు పాడి, వెంటనే మధ్యమాన్ని ప్రతి మధ్యమంగా మార్చి కల్యాణి పాడితే, శుద్ధ మధ్యమ మేళాలు 36, ప్రతి మధ్యమ మేళాలు 36 అన్న విభజన చెవికే తెలిసిపోతుంది. మేళాలను ఆరేసి చొప్పున విభజించిన చక్రాల్లో, ఒక్కో చక్రంలోని ఆరు మేళాలకు ‘ధన, ధని, ధను, ధిని, ధిను, ధును’ అన్న వరుసను కూడా నోటితో అనడమే కాక, ఆయా ధైవత నిషాదాలను పాడుతూ గుర్తుపెట్టుకోండి. వివాది మేళాల (పరస్పరం పొసగని స్వరాలు పక్కపక్కన వచ్చే మేళాల) దగ్గర గొంతు తడబడుతుంది, అక్కడ తొందరపడవద్దు.

తాళాలకూ ఇదే పద్ధతి. ఏడు తాళాలు, ఐదు జాతులు కలిపి 35 అని రాయడం తేలికే. ఖండ జాతి అట తాళానికి 5, 5, 2, 2 చొప్పున (ఐదేసివి లఘువులు, రెండేసివి ద్రుతాలు) 14 అక్షరాలను చేత్తో వేస్తూ వర్ణాన్ని రెండు కాలాల్లో పాడగలిగితే స్వరలిపి రాసేటప్పుడు లఘు ద్రుతాల గీతలు ఎక్కడ పడాలో వెతుక్కోనక్కరలేదు. వాగ్గేయకారుల చరిత్రలకు చివరి రెండు వారాలు చాలు.

మీ గొంతుకు సరిపడే శ్రుతిని నెలల ముందే నిర్ణయించుకుని, చివరి వారంలో దానిని మార్చకండి. నాది ఐదున్నర శ్రుతి. పరీక్ష గదిలో అడగగానే అది చెప్పి, తంబూరా నాదంలో షడ్జం కలిసేదాకా ఆగి, అప్పుడే మొదలుపెట్టాను.