మంటల్లో ఉన్న భవనంలో ముందు చూడాల్సింది బరువు దారి

2017 మే 31న చెన్నై టీ నగర్‌లో చెన్నై సిల్క్స్ ఏడంతస్తుల భవనం అంటుకుంది. మంట రాత్రంతా ఆరలేదు, మర్నాడు తెల్లవారకముందే భవనంలో కొంత భాగం కూలిపోయింది. కాంక్రీటు కాలదు కాబట్టి కూలదన్న ధీమా చాలా ప్రమాదం.

కాలకపోయినా లోపలి కమ్మీ మెత్తబడుతుంది. సుమారు 550–600 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది. ఆ వేడిని కాసేపు ఆపేది కమ్మీని కప్పి ఉన్న కాంక్రీటు పొర, అంటే కవరింగే. శ్లాబులో అది మామూలుగా 20 మి.మీ., పిల్లరులో 40. కాంక్రీటులోని తేమ ఆవిరై తన్నడంతో పెచ్చులు ఊడతాయి. కమ్మీ బయటపడిన శ్లాబు కింద ఒక్కరు కూడా ఉండకూడదు.

బరువు దారి అంటే ఇదే: బరువు శ్లాబు నుంచి బీముకి, బీము నుంచి పిల్లరుకి, అక్కణ్ణుంచి పునాదికి దిగుతుంది. బీము పోతే దాని మీది శ్లాబు పోతుంది. కింది అంతస్తు పిల్లరు పోతే దాని మీద ఆనుకున్నదంతా పోతుంది. పిల్లర్లు లేని పాత ఇళ్లలో మోసేవి గోడలే. 9 అంగుళాల గోడ కనిపిస్తే అది బరువు మోస్తోందనే అనుకోండి.

చెన్నైలోని జార్జిటౌన్, మైలాపూరుల్లోని మద్రాసు టెర్రస్ మిద్దెల విషయంలో మరీ జాగ్రత్త. వరసగా టేకు దూలాలు, వాటి మీద సున్నంతో నిలబెట్టి పేర్చిన పల్చటి ఇటుకలు, ఆపైన ఇటుకజల్లి (ఇటుక ముక్కలు), సున్నం. పైనుంచి నేల గట్టిగానే ఉంటుంది, కింద దూలం సగం బొగ్గయి ఉండొచ్చు. గోడలోకి దూరిన దూలం కొసలు తేమకు ముందే పుచ్చి ఉండొచ్చు. అందుకే పైకెక్కే ముందు కింది నుంచి ఆ కొసల దగ్గర టార్చి వేసి చూడాలి.

గోదాముల్లో ఇనుప బీములది వేరే తీరు. 10 మీటర్ల బీము 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 సెంటీమీటర్లు సాగి గోడను బయటికి నెడుతుంది. గోడ ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. తప్పనిసరైతే గోడ మధ్యలో కాకుండా భవనం మూలల వైపు నిలబడాలి.

మంట ఆర్పడానికి మనం కొట్టే నీళ్లూ బరువే. నిమిషానికి 500 లీటర్ల గొట్టం పది నిమిషాల్లో 5 టన్నులు పోస్తుంది. బట్టల తాన్లు దాన్ని పీల్చి అక్కడే ఉంచుకుంటాయి. మెట్ల మీంచి నీళ్లు దిగడం లేదంటే అవి పై శ్లాబు మీదే నిలిచాయని అర్థం. ముందు మనుషుల్ని దింపండి, ఆ తర్వాతే నీళ్లు పోవడానికి దారి చూడండి.

బాల్కనీకి, సన్‌షేడుకి అసలు కమ్మీ పైభాగంలో ఉంటుంది. గోడను ఆనుకుని పైన పగులు కనిపిస్తే నిచ్చెన దానికి ఆనించకూడదు, దాని కింద నడవకూడదు.