గుండు చేయించుకున్నాక ముఖానికి మిగిలేవి కనుబొమలే

తిరుమల కొండ దిగి వచ్చే బస్సులో, కొత్తగా గుండు చేయించుకున్నవాళ్ల ముఖాలు ఒకసారి పరిశీలనగా చూడండి. జుట్టు ఉన్నంతకాలం నుదుటికీ చెంపలకూ అదే అంచు కడుతుంది. అది పోయాక ముఖం పైభాగంలో నల్లగా మిగిలేవి రెండే గీతలు. అవి ఒత్తుగా ఉండి, మొదలవ్వాల్సిన చోట మొదలై ఆగాల్సిన చోట ఆగితే మనిషి గుండుతో కూడా ఇట్టే తెలిసిపోతారు. దారంతో పీకించి పీకించి సన్నటి గీత చేసుకున్నవాళ్లను మాత్రం పక్కింటివాళ్లు కూడా ఒక క్షణం ఆగి పోల్చుకోవాల్సి వస్తుంది. 2003లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే విషయాన్ని ప్రముఖుల ఫొటోలతో పరీక్షించారు. కళ్లు చెరిపేసిన ఫొటోల కంటే, కనుబొమలు చెరిపేసిన ఫొటోల్లోనే మనిషిని గుర్తుపట్టడం ఎక్కువ కష్టమైంది.

అందుకే పార్లర్ కుర్చీలో కూర్చునే ముందే మీ కనుబొమ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ముగియాలో మీకు తెలిసి ఉండాలి. అద్దం ముందు నిటారుగా నిలబడి, ఒక సన్నటి పెన్సిల్‌ను ముక్కుపుట బయటి అంచుకు ఆనించి నిలువుగా పట్టుకోండి. అది కనుబొమను తాకిన చోటు మొదలు. పెన్సిల్ కింది కొన అక్కడే ఉంచి, నేరుగా చూస్తున్న కంటి నల్లగుడ్డు బయటి అంచు మీదుగా వాల్చండి. అక్కడ ఒంపు ఎత్తు ఉండాలి. ఇంకా వాల్చి కంటి బయటి కొలికి మీదుగా పోనిస్తే తోక ముగిసే చోటు తెలుస్తుంది. మూడు చోట్లా కాటుక పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెట్టుకోండి. ఆ తర్వాత పెన్సిల్‌ను అడ్డంగా పట్టి చూడండి. తోక కొన, మొదలు కింది అంచు కంటే దిగువకు రాకూడదు.

ఈ చుక్కలు తప్పితే ముఖంలో భావమే మారిపోతుంది. మొదళ్లు మరీ దగ్గరైతే ఊరికే కూర్చున్నా కోపంగా ఉన్నట్టు కనిపిస్తారు. మరీ దూరమైతే ముక్కు వెడల్పుగా కనిపిస్తుంది. ఒంపు నల్లగుడ్డుకు నడిమధ్యన పడితే ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది. తోక కిందికి జారితే నిద్రలేని ముఖం, ఏడ్చి లేచిన ముఖం. కళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాళ్లు మొదళ్లను చుక్క నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి జరపవచ్చు, దూరంగా ఉన్నవాళ్లు అంతే లోపలికి తేవచ్చు.

గుండ్రటి ముఖానికి కాస్త కోణం తేలిన ఒంపు బాగుంటుంది, చూపు పైకి లేస్తుంది. కోలముఖానికి దాదాపు అడ్డంగా సాగే కనుబొమ నప్పుతుంది, ఎత్తైన ఒంపు ముఖాన్ని ఇంకా సాగదీస్తుంది. దవడ పలకగా ఉంటే మెత్తటి వంపు చాలు. ఇంతకు మించి ముఖాకారాల పట్టికలు బట్టీ పట్టనక్కర్లేదు. కంటి పైన ఎముక ఎలా వంగిందో కనుబొమ అలాగే వంగాలి. ఎముకను వదిలేసి గీసిన ఒంపు నవ్వినప్పుడు ఒకచోట, మాట్లాడినప్పుడు ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక థ్రెడింగ్. 'సన్నంగానా, మీడియమా' అని అడగగానే 'మీడియం' అనేసి కళ్లు మూసుకోవడంతోనే సగం నష్టం జరిగిపోతుంది. "అక్కా, సన్నం వద్దు. కింద, నడుమ మాత్రం శుభ్రం చేయండి. పైన దారం పెట్టొద్దు" అని ముందే చెప్పండి. పైవరసను ఎందుకు కాపాడుకోవాలంటే, ఒంపు ఎత్తు ఉండేది దానిలోనే. కింద ఒక వరస ఎక్కువ పోతే కనుబొమ సన్నబడుతుంది, అంతే. పైన ఒక వరస పోతే ఒంపే చదునైపోతుంది. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతుంది, కనుబొమ వెంట్రుక పెరిగే దశ కొన్ని వారాలే. ఊడిన చోట మళ్లీ నిండటానికి రెండు నుంచి నాలుగు నెలలు పట్టవచ్చు. ఏళ్ల తరబడి పీకుతూ వచ్చిన చోట కొన్ని ఇక రాకపోవచ్చు కూడా.

దారం నడుస్తున్నంతసేపూ ఒక చేత్తో నుదుటిని పైకి, ఇంకో చేత్తో కనురెప్పను కిందికి గట్టిగా లాగి పట్టుకోవాలి. చర్మం వదులైతే దారం మెలికలో పడి గీరుకుపోతుంది. దారం ఎప్పటికప్పుడు కొత్తది తీయమనండి. నలిగిన దారం వెంట్రుకను కుదుటి నుంచి లాగదు, మధ్యలో తెంపుతుంది. రెండు మూడు రోజుల్లోనే గరగరలాడి, కొన్ని లోపలికి వంగి చిన్న పొక్కులవుతాయి. దారం కొస నోట్లో పట్టుకునే పద్ధతి కంటే మెడకు కట్టుకునే పద్ధతి శుభ్రం. ఆ మాట అడగడానికి మొహమాటపడకండి. అయిపోయాక ఐస్ ముక్కను పల్చటి గుడ్డలో చుట్టి ఒక నిమిషం అద్దితే ఎరుపు తగ్గుతుంది. ఆ రోజంతా వేలితో తడమకండి, నూనె, పౌడర్ పెట్టకండి. మొటిమలకు రాత్రిళ్లు క్రీమ్ వాడేవాళ్లు కొన్ని రోజుల ముందే దాన్ని ఆపాలి. ఆ క్రీముల్లో కొన్ని చర్మాన్ని పల్చబరుస్తాయి, అప్పుడు దారంతో పాటు పైపొర కూడా లేచిపోవచ్చు.

పొడవుగా ఉన్న వెంట్రుకలను పీకవద్దు, కత్తిరించండి. కడిగి ఆరబెట్టిన పాత మస్కారా బ్రష్‌తో పైకి దువ్వి, పైఅంచు దాటి వచ్చిన కొసలను మాత్రం చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా తీయాలి. గుంపుగా పట్టి ఒకేసారి కత్తిరిస్తే, బ్రష్ వదిలాక అక్కడ గుంట పడుతుంది.

మేకప్‌కు వస్తే, మనలో ఎక్కువమంది చేసే తప్పు రంగు దగ్గరే. జుట్టు నల్లగా ఉంది కదా అని కాటుకతో దిద్దుతారు. కాటుకలో మైనం, నూనె ఎక్కువ, చెమటకు కరిగి కంటి మీదికి జారుతుంది. ఫ్లాష్ పడితే ముఖంలో అన్నిటికంటే ముందు అదే కనిపిస్తుంది. నల్ల జుట్టుకు ముదురు గోధుమ రంగు, ఎరుపు ఛాయ లేనిది సరిపోతుంది. ఎరుపు కలిసినది మన ఛాయ మీద రాగి రంగుకు తిరుగుతుంది. కొనేముందు చేతి వెనుక గీసి, బయట పగటి వెలుతురులోకి వచ్చి చూడండి. దుకాణం లైటు కింద అన్నీ బాగానే ఉంటాయి.

దిద్దేటప్పుడు వెంట్రుకలను ముందు పైకి దువ్వండి. ఒంపు కింది అంచు నుంచి తోక దాకా సన్నటి గీత ఒకటి గీయండి. ఖాళీల్లో వెంట్రుక పెరిగే దిక్కుకే, రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న గీతలు పెట్టండి. మొదటి మూడో వంతుకు కొత్తగా రంగు తీసుకోవద్దు, బ్రష్‌కు మిగిలినది చాలు. మొదలు దగ్గర పలకగా, ముదురుగా నింపితే స్టిక్కర్ అతికించినట్టు ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ దువ్వితే గీతలు కలిసిపోతాయి. కనుబొమ కింద కన్సీలర్‌ను (మచ్చలు కప్పే, చర్మం రంగు క్రీమ్) సన్నటి బ్రష్‌తో ఒక్క గీత పెట్టి కిందికి అద్దేస్తే అంచు శుభ్రంగా తేలుతుంది. చివర వెంట్రుకలను కదలకుండా పట్టి ఉంచే కనుబొమల జెల్. తిరుపతి ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో ఒట్టి పెన్సిల్ నిలవదు. పెన్సిల్ మీద అదే రంగు పొడిని అద్ది, ఆపైన జెల్ వేయండి. పెన్సిల్ కంటే ముందు నుదుటి జిడ్డును టిష్యూతో తీయడం మరవొద్దు, జారిపోవడానికి మొదటి కారణం అదే.

పెళ్లికూతురి విషయంలో లెక్క కొంచెం వేరు. ముహూర్తానికి నుదుట బాసికం కడతారు. దాని దారం కణతల మీదుగా, సరిగ్గా తోకల పక్కనుంచి వెళుతుంది. ఎత్తైన ఒంపు గీస్తే బాసికం కింద చిక్కుకుంటుంది, పొడవాటి తోక గీస్తే దారం రాపిడికి చెరిగిపోతుంది. కాబట్టి ఒంపు సహజమైన ఎత్తులోనే ఉంచి, తోకకు నీటికి కరగని రంగు వాడాలి. నలుగు పెట్టినప్పుడు పసుపు, శనగపిండి వెంట్రుకల మధ్య ఇరుక్కుంటాయి. దానిమీదే పెన్సిల్ గీస్తే ఉండలు కడుతుంది, తడి బ్రష్‌తో దువ్వి ఆరనివ్వండి. థ్రెడింగ్ మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. మొదటిసారి చేయించుకునేవాళ్లు నెల ముందు ఒకసారి చేయించి, చర్మం ఎలా ఉంటుందో చూసుకోవాలి. ముఖానికి బ్లీచ్ వేయించుకుంటే కనుబొమలకు ముందు పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయమనండి. బ్లీచ్ తాకితే వెంట్రుకలు రాగి రంగుకు వస్తాయి, పెళ్లి ఫొటోల్లో అది దాగదు.

తెల్లబడ్డాయని తలకు వేసే రంగును కనుబొమలకు రాయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. రెప్పలకు, కనుబొమలకు వాడితే చూపు పోయే ప్రమాదం ఉందన్న హెచ్చరిక మన దేశంలో అలాంటి రంగుల పెట్టెల మీదే ఉంటుంది. చాలామంది ఆ చిన్న అక్షరాలు చదవరు. ఆముదం రాస్తే వెంట్రుకలు మెరుస్తాయి, ఒత్తుగా కనిపిస్తాయి, కొత్తవి మొలుస్తాయనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. మైక్రోబ్లేడింగ్, అంటే సన్నటి బ్లేడుతో చర్మంలోకి రంగు గీతలు దించడం, ఒకటి రెండేళ్లు నిలుస్తుంది. జిడ్డు చర్మం మీద ఆ గీతలు అలుక్కుపోతాయి. గాయం మానిన చోట మచ్చ ఉబ్బి గట్టిపడే శరీరతత్వం ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఏ కారణం లేకుండా బయటి మూడో వంతు రాలిపోతుంటే పెన్సిల్ కొనేముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రూపాయి బిళ్లలా గుండ్రంగా ఊడితే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

గుండు చేయించుకున్నవాళ్లకు రంగు ఎప్పటికంటే ఒక ఛాయ తక్కువ ఉండాలి. తల మీద నలుపు లేనప్పుడు అదే పెన్సిల్ రెట్టింపు ముదురుగా కనిపిస్తుంది. తలకు పూసిన చందనం చెమటతో జారి కనుబొమల్లో ఎండితే తెల్లగా పొలుసులు కడుతుంది. గోటితో గీరితే వెంట్రుకలు కూడా వస్తాయి, తడి గుడ్డ ఒక నిమిషం ఆనించి ఉంచితే అదే మెత్తబడుతుంది. రాత్రి మేకప్ తీసేటప్పుడూ అంతే. దూదికి రెండు మూడు చుక్కల కొబ్బరినూనె వేసి, కనుబొమ మీద అర నిమిషం ఆనించి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడవండి. ముందుకూ వెనక్కూ రుద్దకండి.