సున్నం పడిన కంటికి ప్రయోగశాల ఎంతవరకు అవసరం?

మా నల్లగొండ పల్లెల్లో ఆకువక్కలు వేసుకునే పెద్దలున్న ఇంట్లో సున్నం ప్యాకెట్టు పిల్లలకు అందేచోటే ఉంటుంది. ఆటలో దాన్ని గట్టిగా నొక్కితే సున్నం నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. (అప్పుడు ఆస్పత్రికి బయలుదేరే ముందే, కనీసం అరగంట సేపు ధారగా నీళ్లు పోసి కడగాలి.) నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచులో కార్నియా (నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర) పైపొరను నిరంతరం పునరుద్ధరించే మూలకణాలు ఉంటాయి, సున్నంలోని క్షారం వాటిని చంపేస్తే, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు పైకి పాకి చూపును కప్పేస్తుంది. అటువంటి కంటికి దాత కార్నియా అమర్చినా సాధారణంగా నిలవదు.

కణాలను ప్రయోగశాలలో పెంచి దెబ్బతిన్న భాగానికి అతికించే కణజాల ఇంజినీరింగ్ మొదట ఫలించిన చోట్లలో కన్ను ఒకటి కావడానికి కారణముంది. రక్తనాళాలు లేని కణజాలంలో ఆక్సిజన్ మిల్లీమీటరులో ఐదో వంతు దాటి చేరడం కష్టం కనుక మందమైన అవయవాలు ప్రయోగశాలలోనే ఆగిపోతున్నాయి. కార్నియా పైపొర పలుచనిది, దానికి రక్తనాళాలే అక్కరలేదు. అయినా, రోగి సొంత కణాలను పెంచి అతికించిన తొలి ఫలితాలను ఇటలీ పరిశోధకులు 1997లో ప్రకటిస్తే, హోలోక్లార్ పేరుతో ఆ చికిత్సకు ఐరోపా అనుమతి 2015లో గానీ రాలేదు.

హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా ముందు కణాలను పెంచే దారినే పట్టింది. 2011లో ప్రచురించిన 200 మంది రోగుల ఫలితాల్లో 71 శాతం విజయం కనిపించింది. అయితే దానికి శుద్ధమైన ప్రయోగశాల, సుమారు రెండు వారాల నిరీక్షణ, రెండు శస్త్రచికిత్సలు కావాలి. 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ ప్రయోగశాలనే పక్కన పెట్టింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్న తునకలుగా కోసి, దెబ్బతిన్న కంటిపై పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీద ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) జిగురుతో అంటిస్తారు. కణాలు కంటిమీదే పెరుగుతాయి. 2016లో వెలువడిన 125 మంది ఫలితాల్లో విజయం 76 శాతం.

నా దృష్టిలో ఇది ప్రయోగశాల ఓటమి కాదు. కణాలు ఏ పొర మీద, ఎలా పాకుతాయో అక్కడ నేర్చుకున్నందుకే దాన్ని వదులుకోగలిగారు. కానీ రెండు కళ్లూ కాలినవారి నుంచి తీయడానికి మంచి అంచే ఉండదు. వారికి ఆ అంచు మూలకణాలే కావాలంటే ఇతరుల కణజాలం, దానితోపాటు రోగనిరోధక శక్తిని అణిచే మందులు తప్పవు. ప్రయోగశాల అవసరం ఇంకా తీరనిది వీరి విషయంలోనే.