ఛాంగ్‌డక్‌గుంగ్‌లో ఒక బుధవారం: వాలు వెంట నడక

నవంబరు మొదటి వారం, దక్షిణ కొరియా రాజధాని సోల్.

పొద్దున చలి గట్టిగానే ఉంది. గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇక్కడి పాత రాజుల ప్యాలెస్ ఛాంగ్‌డక్‌గుంగ్ వెనక తోటకి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి వారం ఉండదు. గింకో ఆకులు పూర్తిగా పసుపెక్కి, ఇంకా రాలకుండా కొమ్మల మీదే నిలిచేది ఈ కొద్ది రోజులే. టికెట్లు దొరకనిదీ ఈ రోజుల్లోనే.

ముందు ఆ టికెట్ల సంగతి రాసుకోవాలి. ఇక్కడిదాకా వచ్చి తోట చూడకుండా వెనుదిరిగేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది గుమ్మం దగ్గరే. ప్యాలెస్‌కి ఒక టికెట్, వెనక తోటకి ఇంకొకటి. పెద్దవాళ్ళకి మొదటిది 3,000 వాన్లు, రెండోది 5,000. తోట టికెట్ ఒక్కటే ఉంటే చాలదు, తోట ద్వారం ప్యాలెస్ లోపల ఉంది కనక రెండూ కావాలి. తోటలోకి విడతలవారీగానే పంపిస్తారు. ప్రతి విడతలో కొన్ని టికెట్లు ఆన్‌లైన్‌లో, ఆరు రోజుల ముందు ఉదయం పదింటికి తెరుస్తారు. మిగతావి అదే రోజు కౌంటర్లో అమ్ముతారు. వసంతంలో పూల రోజుల్లో, ఇప్పుడీ ఆకుల రోజుల్లో కౌంటర్ వాటా పొద్దున్నే అయిపోతుంది. కొరియన్, ఇంగ్లీషు విడతల వేళలు వేరు. కొరియా సంప్రదాయ దుస్తులు హన్‌బోక్ వేసుకొస్తే ప్యాలెస్ టికెట్ అక్కర్లేదు, తోటది మాత్రం కొనాల్సిందే. పైగా లోపల రాతి మెట్లు, ఎగుడుదిగుడు మట్టిదారులు. నేల జీరాడే ఆ పొడుగు పరికిణీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని గంటన్నర నడవడం తేలిక కాదు. సోమవారం సెలవు. సోల్‌లోని ఇంకో ప్యాలెస్ గ్యంగ్‌బోక్‌గుంగ్‌కేమో మంగళవారం సెలవు. రెండూ కలిపి చూద్దామనుకునేవాళ్ళు ఇక్కడే లెక్క తప్పుతారు.

అన్‌గుక్ స్టేషన్ 3వ ద్వారం నుంచి తూర్పుగా ఐదారు నిమిషాలు నడిస్తే డోన్‌హ్వామున్. 1412లో కట్టిన ముఖద్వారం, 1592 జపాన్ దండయాత్రలో కాలిపోయింది. ఇప్పుడున్నది 17వ శతాబ్దం తొలినాళ్ళలో తిరిగి లేపిన రెండంతస్తుల కట్టడం. సోల్ ప్యాలెస్ ముఖద్వారాల్లో ఇదే పాతది.

గేటు దాటగానే గమనించాల్సింది ఒకటుంది. ఎదురుగా సింహాసన మందిరం కనపడదు. గ్యంగ్‌బోక్‌గుంగ్‌లో అయితే గేటు, ఇంకో గేటు, మందిరం అన్నీ దారం లాగినట్టు ఒకే వరసలో ఉంటాయి. ఇక్కడ కొంచెం ముందుకెళ్ళి కుడికి తిరగాలి, గుమ్‌చన్‌గ్యో అనే రాతి వంతెన దాటాలి, జిన్‌సన్‌మున్ అనే గేటులోంచి వెళ్ళాలి, ఆ తర్వాత ఎడమకి తిరిగితే గానీ సింహాసన మందిరపు గేటు ఇన్‌జంగ్‌మున్ రాదు. కారణం నేల. ఉత్తరాన ఉంగ్‌బోంగ్ కొండ దిగి వచ్చే వాలు దక్షిణాన రాజుల పితృదేవతల మందిరం జోంగ్‌మ్యో దాకా సాగుతుంది. ఆ వెన్నుని తవ్వకూడదు. అందుకే 1405లో థేజోంగ్ రాజు హయాంలో కట్టినవాళ్ళు కొండని చదును చేసే బదులు కట్టడాలనే పక్కకి జరిపారు, గేటుని నైరుతి మూలకి తెచ్చారు. ఇన్‌జంగ్‌మున్ ముందున్న ఆవరణ కూడా చదరం కాదు, ఒక వైపు వెడల్పుగా మొదలై రెండో వైపుకి సన్నబడుతుంది. నడుస్తుంటే తెలియదు. ఇన్‌జంగ్‌మున్ మెట్ల మీద నిలబడి రెండు పక్కల గోడల్నీ చూస్తే తెలుస్తుంది. ఈ ప్యాలెస్‌ని అర్థం చేసుకోడానికి కప్పుల కన్నా నేల వాలు చూడటం ముఖ్యమని నా గట్టి నమ్మకం. 1997లో యునెస్కో జాబితాలో చేరడానికి చూపిన కారణమూ ఇదే, నేల తీరుకి ఒదిగిన నిర్మాణం.

గుమ్‌చన్‌గ్యో 1411 నాటిది. రెండు కమానుల కింద దక్షిణం వైపు కూర్చున్నది హేథే అనే పురాణ మృగం, ఉత్తరం వైపు తాబేలు. వాగులో ఇవాళ నీళ్ళు లేవు. చాలా రోజులు ఇంతే.

సింహాసన మందిరం ఇన్‌జంగ్‌జన్ ముందు ఆవరణలో రెండు వరసల పొట్టి రాళ్ళు, వరసకి పన్నెండు. ఒకటో శ్రేణి నుంచి తొమ్మిదో శ్రేణి దాకా ఏ అధికారి ఎక్కడ నిలబడాలో వాటి మీద చెక్కి ఉంటుంది. తూర్పు వరస పౌర అధికారులకి, పడమటి వరస సైన్యాధికారులకి. పై మూడు శ్రేణులకి రెండేసి రాళ్ళు, కింది ఆరింటికి ఒక్కోటి, అలా పన్నెండు. ఇవి 1777లో జంగ్‌జో రాజు పెట్టించినవి. మందిరం 1803లో కాలితే మరుసటి ఏడాది తిరిగి కట్టారు. బయటి నుంచి రెండంతస్తులుగా కనిపించినా లోపల ఒకటే ఎత్తైన గది. గుమ్మంలోంచే చూడాలి, లోపలికి పోనివ్వరు. తలుపు దగ్గర జనం తగ్గేదాకా ఆగి, సింహాసనం వెనకున్న సూర్యుడు, చంద్రుడు, ఐదు శిఖరాల తెర చూశాక, పైకప్పు నడిమధ్యలో చెక్కిన ఫీనిక్స్ పక్షుల జంటని వెతకాలి. ఆ పక్కనే వేలాడే కరెంటు దీపాలూ, గాజు కిటికీలూ, పరదాలూ 20వ శతాబ్దం మొదట్లో, చివరి రాజు సన్‌జోంగ్ ఇక్కడికి మారినప్పుడు వచ్చినవి. నేల మీద ఇటుక పలకల బదులు చెక్క వేసిందీ అప్పుడే. పాత మందిరంలో ఇవేమిటని విసుక్కునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ దీపాలు ఉండాల్సినవే అనిపిస్తాయి. ఈ దేశం చివరి రాజుల కథ వాటిలో ఉంది. 1910 ఆగస్టులో కొరియాని జపాన్‌లో కలిపేసే ఒప్పందం మీద చివరి సభ జరిగింది ఈ ప్రాంగణంలోనే, హంగ్‌బోక్‌హన్ అనే చిన్న కట్టడంలో.

పక్కనే నీలి పెంకుల సన్‌జంగ్‌జన్. రాజు రోజువారీ కొలువు అక్కడ జరిగేది. కొరియా ప్యాలెస్‌లలో నీలి పెంకులు మిగిలిన కప్పు ఇదొక్కటే. తూర్పుకి ఇంకాస్త వెళ్తే రాజు నివాస మందిరం హీజంగ్‌దాంగ్, దాని వెనక రాణి నివాసం డేజోజన్. 1917లో ఇవి కాలిపోతే, తిరిగి కట్టడానికి గ్యంగ్‌బోక్‌గుంగ్‌లోని నివాస మందిరాల్ని విప్పి ఆ కలప ఇక్కడికి తెచ్చారు. హీజంగ్‌దాంగ్ ముందు కారు ఆగడానికి పొడుచుకొచ్చిన పోర్టికో ఉండటం అందుకే, అది 1920 నాటి కట్టడం. డేజోజన్ కప్పు నడికొప్పు మీద మిగతా కట్టడాలకున్న తెల్లటి వెన్ను దిమ్మ లేదు. ఆ దిమ్మ డ్రాగన్‌కి గుర్తు. రాజే డ్రాగన్ అయినప్పుడు ఆయన పడుకునే చోట ఇంకో డ్రాగన్ పైన ఉండకూడదని చెబుతారు.

డేజోజన్ వెనక్కి తప్పకుండా వెళ్ళాలి. కొండని కోసిన చోట మట్టి జారకుండా రాతితో మెట్లు మెట్లుగా కట్టి, ఒక్కో మెట్టులో పూల మొక్కలు పెట్టారు. వాటి మధ్య ఇటుక పొగగొట్టాలు నిలబడి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని అలంకారమనుకుంటారు. గది నేల కింద రాతి పలకల అడుగున సన్నటి కాలవలుంటాయి. ఒక చివర పొయ్యిలో బొగ్గు రాజేస్తే వేడి ఆ కాలవల వెంట పోయి పలకల్ని కాచి, రెండో చివర పొగగొట్టంలోంచి బయటికి వెళ్తుంది. ఇదే ఓన్‌డోల్. గొట్టం ఇంటికి దూరంగా ఉంటే పొగా నిప్పురవ్వలూ చెక్క చూరుకి తగలవు. కట్టడాల పునాది రాళ్ళలో నల్లటి చదరపు నోళ్ళు కనపడితే అవి ఆ పొయ్యిలే. ఇన్నిసార్లు కాలిన ప్యాలెస్‌లో నిప్పుని ఎక్కడ పెట్టారు, ఎలా దూరం చేశారు అని వెతుకుతూ నడిస్తే చాలా కనిపిస్తుంది.

తోట విడత 11 గంటలకైతే 9కే లోపలుండాలి. పైన రాసినదానికి గంట పైనే పడుతుంది, ఆ తర్వాత నక్‌సన్‌జే అనే నివాసానికి ముప్పావు గంటైనా కావాలి. తోట చూసి బయటికొచ్చే దారి వేరే వైపు నుంచి ముఖద్వారానికి దింపేస్తుంది. నక్‌సన్‌జే తర్వాత చూద్దామనుకుంటే మళ్ళీ ఈ చివరికి ఎదురు నడక.

నక్‌సన్‌జే 1847లో హన్‌జోంగ్ రాజు కట్టించుకున్నది. రంగుల్లేవు. మిగతా మందిరాల చూరుల మీద కనిపించే ఆకుపచ్చ, ఎరుపు చిత్రాలేవీ లేకుండా కలప తన రంగులోనే ఉంది. కిటికీల చట్రాలు మాత్రం ఒకదానిలా ఇంకొకటి ఉండవు. ఎత్తైన వసారా గది కింద, పొయ్యి ముందున్న గోడ మీద పగిలిన మంచు గీతల్లాంటి నమూనా ఉంది. నిప్పు ఉన్నచోట మంచుని బొమ్మగా పెట్టారు. వంగి చూడాలి, చాలామందికి కనపడదు. రాజవంశపు చివరి మనుషులు బతికిందీ ఇక్కడే. చివరి రాణి సన్‌జంగ్‌హ్యో 1966లో, రాకుమారి డక్‌హ్యే 1989లో ఈ ఆవరణలోనే కన్నుమూశారు. అంటే మొన్నమొన్నటిదాకా మనుషులున్న ఇల్లు. అందుకే కాబోలు, ఇక్కడ జనం వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గిస్తారు.

తోట ద్వారం హమ్‌యాంగ్‌మున్ అనే ఇంకో గేటు పక్కన ఉంది. ముఖద్వారం నుంచి నేరుగా వచ్చినా పది నిమిషాల నడక. చెప్పిన వేళకి గైడు బయల్దేరిపోతారు, ఆలస్యమైతే ఆ విడత పోయినట్టే. ప్యాలెస్ మొత్తం స్థలంలో సగం పైన ఈ తోటే. లోపల తిండి కొనుక్కునే చోట్లు లేవు, తినడానికీ ఒప్పుకోరు. నీళ్ళ సీసా వెంట ఉండాలి. అడుగు జారని చెప్పులు ముఖ్యం, తడి ఆకుల మీద నున్నటి అట్ట ఉన్న బూట్లు నిలవవు.

రెండు పక్కలా చెట్లున్న దారి ఎక్కి దిగితే బుయోంగ్‌జీ. చదరపు చెరువు, మధ్యలో గుండ్రటి దీవి. భూమి చదరం, ఆకాశం గుండ్రం అన్న పాత లెక్క ప్రకారం. దక్షిణం గట్టున బుయోంగ్‌జంగ్ మంటపం రెండు రాతి కాళ్ళు నీళ్ళలో పెట్టి నిలబడింది. ఉత్తరాన గట్టు మీద జుహమ్‌ను. జంగ్‌జో గద్దెనెక్కిన 1776లోనే మొదలైన కట్టడం, కింద గ్యుజాంగ్‌గక్ అనే రాజగ్రంథాలయం, పైన చదువుకునే హాలు. దానికి ఎక్కే మెట్ల ముందున్న గేటు ఓసుమున్. మధ్య వాకిలి రాజుకి, పక్కన వంగి దూరాల్సిన చిన్న వాకిళ్ళు మిగతావాళ్ళకి. కవిత్వం సమయానికి పూర్తి చేయలేని కొలువువాళ్ళని జంగ్‌జో పడవెక్కించి ఆ దీవిలో కాసేపు ఉంచేవాడని చెబుతారు. చెరువు ఆగ్నేయ మూల రాతి మీద ఎగురుతున్న చేప చెక్కి ఉంది, దాని కోసం నాలుగడుగులు పక్కకి వేయాలి. ఫోటోకైతే దక్షిణం గట్టున నిలబడి జుహమ్‌ను వైపు తీయాలి, ఎండ వీపు మీద ఉంటుంది. అందరూ ఎదురుగా నిలబడి మంటపాన్ని తీస్తారు, మధ్యాహ్నం అది నల్లటి నీడగా వస్తుంది.

అక్కడి నుంచి బుల్లోమున్. ఒకే రాతి బండని తొలిచిన గుమ్మం, దూరితే ముసలితనం రాదంటారు. లోపల ఏర్యన్‌జీ చెరువు, 1692లో సుక్‌జోంగ్ రాజు కట్టించిన నాలుగు కాళ్ళ మంటపం. ఇక్కడ గుంపు త్వరగా కదిలిపోతుంది. తర్వాత వచ్చే జోన్‌డక్‌జంగ్ దగ్గర ఆగడం కోసం ఆ నిమిషాలు దాచుకున్నా నష్టం లేదు.

జోన్‌డక్‌జంగ్ 1644 నాటి ఆరు మూలల మంటపం, కప్పు రెండు అంచెలు. లోపల మెడెత్తి చూస్తే పసుపు, నీలి డ్రాగన్లు. పైన వేలాడే చెక్కపలక మీద జంగ్‌జో 1798లో రాసిన మాటలున్నాయి: వాగులు పదివేలున్నా వాటిలో వెలిగే చంద్రుడు ఒక్కడే, ఆ చంద్రుడు రాజు అని. వెనక పెద్ద గింకో చెట్టు. ఇవాళ దాని కింద నేలంతా పసుపు, కొమ్మలూ పసుపు. సన్నటి గాలికి కూడా ఆకులు రాలడం మొదలైంది. రెండు మూడు రోజుల్లో చెట్టు ఖాళీ అయిపోతుంది.

ఇక్కడి నుంచి ఎగువకి ఓంగ్‌న్యుచన్ అనే వాగు దాకా నిటారు ఎక్కుడు. విడతని బట్టి, కాలాన్ని బట్టి అక్కడిదాకా తీసుకెళ్ళకపోవచ్చు, టికెట్ తీసేటప్పుడే అడగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గైడుకి చెప్పి కింద ఆగడం మంచిది. పైన సోయోఆమ్ అనే బండలో 1636లో వంపు తిరిగిన కాలవ తొలిపించాడు ఇన్‌జో రాజు. నీళ్ళు ఆ వంపు తిరిగి అంచు నుంచి కిందికి పడతాయి, ఆ కాలవలోనే గిన్నెలు వదిలి కవిత్వం చెప్పుకునేవారు. బండ మీద సుక్‌జోంగ్ పద్యంలో మూడు వందల అడుగుల నించి దూకే ధార అని ఉంది. నిజానికి ధార ఎత్తు మనిషంత కూడా లేదు. ఆ పక్కనే చంగ్‌ఇజంగ్, ప్యాలెస్ మొత్తంలో మిగిలిన ఒకే ఒక్క గడ్డికప్పు మంటపం. చుట్టూ నాలుగైదు మంచాలు వేస్తే నిండిపోయేంత వరిమడి. రైతు కష్టం తెలియాలని రాజు స్వయంగా నాటు వేసిన మడి ఇది. ఇప్పటికీ ఏటా నాటి, అక్టోబరులో కోసి, ఆ గడ్డితోనే కప్పు కొత్తగా వేస్తారు. ఇవాళ మడిలో మోళ్ళే ఉన్నాయి, కప్పు మాత్రం కొత్త గడ్డితో లేతగా మెరుస్తోంది. పచ్చని మడి చూడాలంటే జులై, ఆగస్టుల్లో రావాలి, కాకపోతే అవి వానల, ఉక్కపోత నెలలు.

దిగే దారిలో యన్‌గ్యంగ్‌దాంగ్. 1828 ప్రాంతంలో యువరాజు హ్యోమ్యంగ్ కట్టించిన పెద్దింటి తరహా ఇల్లు, రంగుల్లేనిదే. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు మధ్య గోడ ఉంది గానీ లోపల గదులు కలిసే ఉన్నాయి. ఈ ఇల్లూ మిగతా కట్టడాలూ 1830కి ముందు ఎలా ఉండేవో డోంగ్‌గ్వల్‌డో అనే పెద్ద చిత్రంలో చెట్టు చెట్టుతో సహా గీసి ఉంది. 1990ల నుంచి జరిగిన పునరుద్ధరణకి అది గొప్ప ఆధారం.

బయటికెళ్ళే దారిలో ఏడు వందల ఏళ్ళు పైబడిన జునిపర్ చెట్టు కర్రల ఊతం మీద ఉంది. 2010 తుపానులో పెద్ద కొమ్మలు విరిగిపోయాయి. ఇక్కడి నుంచి ముఖద్వారం దగ్గరే. నవంబరు నుంచి జనవరి దాకా ప్యాలెస్ ఐదున్నరకే మూస్తారు, చివరి ప్రవేశం గంట ముందు. ఓపిక మిగిలి జోంగ్‌మ్యో కూడా చూడాలనుకుంటే శని, ఆదివారాల్లో వచ్చేలా చూసుకోవాలి. అప్పుడు లోపల ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు తిరగొచ్చు. మామూలు రోజుల్లో గైడు వేళల ప్రకారమే పంపిస్తారు, మంగళవారం అసలు తెరవరు.