మూడు రోజులకు వచ్చిన గోల్‌కీపర్

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో ఉదయం పూట సాధన చేసే మా అబ్బాయి ఫుట్‌బాల్ జట్టులో, హైదరాబాద్ టోర్నమెంటుకు వారం ముందు ఇద్దరికి జ్వరం వచ్చింది, మొదటి గోల్‌కీపర్‌కు మడమ బెణికింది. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం 11 మంది లేకపోయినా కనీసం 7 మందితో మ్యాచ్ మొదలుపెట్టవచ్చు గానీ, మార్చుకోవడానికి మనుషులు లేకుండా ఎండలో పిల్లలను ఆడించడం నాకు అన్యాయంగా తోచింది. అందుకే మిర్యాలగూడలో ఆడే ఒక గోల్‌కీపర్ అబ్బాయిని గెస్ట్ ప్లేయర్‌గా, అంటే ఈ టోర్నమెంటు వరకే మా జట్టు తరఫున ఆడేలా పిలిచాము.

గెస్టులను అనుమతించాలా, ఎందరిని అనుమతించాలి అన్నది నిర్వాహకుల నిర్ణయం కాబట్టి ముందుగా ఆ పోటీ నియమావళి చదవాలి. వయసు రుజువు, తల్లిదండ్రుల అంగీకారం సిద్ధంగా ఉండాలి. వీటన్నిటికంటే ముందు ఆ పిల్లవాడి సొంత కోచ్‌ను అడగాలి. తెలియకుండా పిలుచుకుపోవడం రెండు జట్ల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకుండా చేయడం నేను చూశాను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మా రెండో గోల్‌కీపర్ సంగతి. ఏడాదంతా మంచులోనూ వానలోనూ సాధనకు వచ్చిన ఆ పిల్లవాడు, తన వంతు వచ్చిందనుకున్న రోజునే కొత్తవాణ్ణి చూసి బెంచీ మీద మౌనంగా కూర్చున్నాడు. ఈ మాట అతనికి ముందే చెప్పవలసింది. కోచ్‌తో మాట్లాడి, ప్రతి మ్యాచ్‌లో మొదటి సగం మా రెండో గోల్‌కీపర్‌కే ఇప్పించాము. సాయంత్రానికి ఇద్దరూ ఒకే జత గ్లవ్స్ మార్చుకుంటూ సాధన చేశారు.